కాంచళి ఉల్టా వైపు

(సంఘం సాంస్కృతిక సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నార్నూర్ నుంచి, ఇంద్రవెల్లి నుంచి, ఇటు వీర్నపల్లి, రుద్రంగి నుంచి కూడా పిల్లలు వచ్చారని చెప్పారు. చాలా సంతోషం. నన్ను మన కుట్టుపని గురించి మాట్లాడమన్నారు. కుట్టుపని అనగానే మనకు అలవాటైన మాటలు కొన్ని ఉన్నాయి. అద్దాలు తళుక్కుమంటాయి, గవ్వలు వరుస కడతాయి, ఎరుపు రంగు దూరం నుంచే కనబడుతుంది అంటాం. ఆ మాటలు నిజమే. కానీ అవన్నీ సీదా వైపు మాటలు. సభల్లో, ఫొటోల్లో, క్యాలెండర్ల మీద అందరూ చూసేది ఆ వైపే. నేను ఈరోజు బట్టను తిరగేసి ఉల్టా వైపు చూపిస్తాను. అక్కడ ఎవరూ చూడమని చెప్పని అందం ఒకటి ఉంది. ఆ అందంలోనే మనం పోగొట్టుకోబోతున్న చదువు కూడా ఉంది.

ఇదిగో, నా చేతిలో ఉన్నది పాత కాంచళి. లోపలి అస్తర్ ఒక మూల చిరిగింది. చిరిగింది కాబట్టే మనకు లోపలి సంగతి తెలుస్తోంది. ముందు వరుసలో ఉన్నవాళ్లు దగ్గరికి రండి. చేతులు తుడుచుకుని పట్టుకోండి.

మొదట అద్దం ఉన్న చోటు చూడండి. సీదా వైపు అద్దం ఉంది. తిప్పితే అద్దం లేదు. దాని చోట గుండ్రంగా చిన్న చిన్న గీతలున్నాయి. చిన్నపిల్లలు పలక మీద పొద్దు బొమ్మ గీస్తారే, అట్లా. ఎందుకట్లా వచ్చిందో చెబుతాను. అద్దానికి చిల్లు ఉండదు. మన పాత పనిలో జిగురు కూడా పెట్టరు. ముందు అద్దం మీదుగా నిలువునా అడ్డంగా దారం లాగి, మంచానికి నులక బిగించినట్టు బిగిస్తారు. తర్వాత ఆ దారాలను అద్దం అంచు వైపు లాగుతూ చుట్టూ కుట్టుకుంటూ వస్తారు. ప్రతి కుట్టుకూ సూది ఇంత బట్టను పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న గుర్తులే వెనక కనబడే గీతలు. ఈ కాంచళికి ఎన్ని అద్దాలున్నాయో అన్ని పొద్దులు లోపల ఉన్నాయి. తొడుక్కున్న మనిషి గుండెకు ఆనుకుని ఉన్నది ఈ పొద్దులే.

ఇప్పుడు అంచు చూడండి. సీదా వైపు గొలుసు కుట్టు. ఒక కొక్కెంలో ఇంకో కొక్కెం వేసినట్టు ఉంటుంది. తిప్పితే గొలుసు మాయమై సన్నటి గీత ఒకటే మిగిలింది. దాని పక్కన అడ్డంగా దాటుకుంటూ పోయే కుట్టు ఉంది. టైలరింగ్ క్లాసులో దాన్ని హెరింగ్‌బోన్ అంటారు. పైకి అది జడ అల్లినట్టు ఉంటుంది. వెనక మాత్రం రెండు వరుసల చుక్కల గీతలు, బండి చక్రాల జాడలా పక్కపక్కనే పోతాయి. మామూలు ఉరుకు కుట్టు ఒకటే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అంటే ఒకే సూది, ఒకే దారం, ఒకే చెయ్యి, కానీ రెండు బొమ్మలు గీస్తోంది. ఒకటి చూసేవాళ్లకు, ఇంకొకటి బట్టకు.

నిండుగా దారం పరిచిన ఈ చోటు చూడండి. ముఖం వైపు పట్టులా మెరుస్తోంది. వెనక కూడా అంతే దారం ఉండాలి కదా? లేదు. అంచుల దగ్గర చిన్న చుక్కలు మాత్రమే ఉన్నాయి. సూదిని వెనక నుంచి తిప్పి తేకుండా, అంచు దగ్గరే రెండు పోగుల బట్ట పట్టి మళ్లీ పైకి తెచ్చారు. దారం దాదాపు సగం మిగిలింది. సంతలో దారం ఉండ కొనడానికి గింజలు కొలిచి ఇచ్చిన ఇంటి లెక్క ఇది. మనం అందం అనుకునేది ముందు ఉంది. ఆ అందాన్ని తక్కువ ఖర్చులో ఎట్లా తెచ్చారో వెనక ఉంది. లెక్క రాయడం రాని మనిషి వేసిన లెక్క అది. తప్పు లేదు చూడండి.

గవ్వల దగ్గరికి వద్దాం. గవ్వకు పళ్లున్న నోరు వైపు మనం చూస్తాం. దాని వీపు ఉబ్బుగా ఉంటుంది. ఆ వీపు పగలగొట్టి, అరగదీసి, చదును చేస్తేనే గవ్వ బట్ట మీద కదలకుండా కూర్చుంటుంది, దారం దూరడానికి తోవ దొరుకుతుంది. ఒకప్పుడు ఇదే గవ్వ బజారులో చెల్లిన డబ్బు. మాల్దీవుల సముద్రం నుంచి ఓడల్లో వచ్చి మన దేశమంతా తిరిగింది. డబ్బును తెచ్చి వీపు పగలగొట్టి అంచుకు కుట్టుకున్నారంటే మన యాడీల ధైర్యం ఎంతటిదో ఆలోచించండి.

ఇక రంగు. ముఖం వైపు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. ఎండ తగిలింది, వాన తగిలింది, పత్తి చేనులో చెమట తగిలింది. లోపలి వైపు అదే దారం చూడండి, నిన్న సంతలో కొన్నట్టుంది. పసుపు పసుపుగానే ఉంది. ఇది మన ఒక్కరి బట్ట సంగతి కాదు. ఫ్రాన్స్ దేశంలో బాయో అనే ఊరికి చెందిన దాదాపు 70 మీటర్ల పొడవున్న కుట్టుపని ఒకటి ఉంది. 1066లో ఇంగ్లండ్ మీద జరిగిన దండయాత్ర కథ అంతా దాని మీద కుట్టారు. 1982-83 చలికాలంలో దాన్ని కొత్త మ్యూజియానికి మార్చే ముందు వెనక వైపు తెరిచి పరీక్షించారు. 900 ఏళ్ల కిందటి రంగులు ముందు కంటే వెనక నిండుగా కనిపించాయి. ఏ కుట్టు పాతదో, ఏది తర్వాత మరమ్మతు చేసిందో తెలుసుకోవడానికి కూడా వెనక వైపే సాక్ష్యం. మన కాంచళికీ అదే న్యాయం వర్తిస్తుంది. మీ దాదీ పెళ్లి నాటి ఎరుపు ఎలాంటి ఎరుపో తెలియాలంటే అస్తర్ లోపల చూడాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కుట్టుపని తెలిసినవాళ్లు బట్ట చేతికి రాగానే తిప్పి చూస్తారు. వెనక శుభ్రంగా ఉంటే మంచి పని అంటారు. కొన్ని కళల్లో అది సరైన కొలతే. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా రుమాలు రెండు వైపులా ఒకే బొమ్మ వచ్చేట్టు కుడతారు. మన పక్కనే కర్ణాటకలో ధార్వాడ్ వైపు కసూతి ఉంది. అందులో గవంతి అనే కుట్టు ముందుకు పోయి, అదే దారిలో వెనక్కి వచ్చి, ఖాళీలు నింపుతుంది. ముడి కనబడదు, రెండు వైపులా ఒకే రూపం. పంజాబ్ ఫుల్కారీలో ఇంకో వింత. పోగులు లెక్కపెట్టుకుంటూ ఉల్టా వైపు నుంచే కుడతారు. పువ్వు అటు వైపు విచ్చుకుంటుంది. కుట్టే ఆడమనిషికి కుట్టేటప్పుడు వెనకే ముఖం.

మన పని ఆ కోవలోది కాదు. మన ఉల్టా వైపు ముడులు ఉంటాయి. దారం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకిన జాడ ఉంటుంది. ఆకుపచ్చ అయిపోతే నీలం అందుకున్న చోటు తెలుస్తుంది. చినిగిన చోట వేరే పాత గుడ్డ పెట్టి అతికిన గుర్తు ఉంటుంది. దాన్ని చూసి సిగ్గుపడేవాళ్లను చూశాను. సిగ్గెందుకు? రెండు వైపులా ఒకేలా ఉండే బట్ట చేతి నేర్పు చెబుతుంది. మన బట్ట నేర్పుతో పాటు బతుకు కూడా చెబుతుంది. ఎన్ని పొరల పాత బట్ట కలిపారు, దేని మీద దేన్ని అతికారు, ఏ దారం దొరికింది, ఏది దొరకలేదు, అంతా అక్కడ ఉంది.

పొరలు ఎందుకు కలిపారో తెలియాలంటే మన చరిత్రలోకి పోవాలి. మన పెద్దలది లదేణి బతుకు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశం దాటినవాళ్లు. 17వ శతాబ్దంలో గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే 10,000, 12,000 ఎద్దులు ఒక్క బిడారులో నడవడం గురించి రాశాడు. అట్లాంటి బతుకులో సంచి చినిగితే ఉప్పు దారి పాలు. అందుకే బట్ట మీద బట్ట వేసి, దగ్గర దగ్గరగా ఉరుకు కుట్టు వేసి గట్టి చేశారు. పైకి గీతలు, చదరాలు, ముక్కోణాలు కనబడుతున్నాయి, అలంకారం అనుకుంటాం. తిప్పి చూస్తే ఆ గీతలన్నీ పొరలన్నింటినీ కలిపి పట్టుకున్న కట్లు. ముందు బలం కోసం కుట్టారు. కుట్టక తప్పని చోట అందంగా కుట్టారు. రైళ్లు వచ్చి బిడార్లు ఆగిపోయాయి. సంచులతో పని పోయింది. కానీ ఆ చెయ్యి అలవాటు కాంచళిలో, ఫేటియా అంచులో, నీళ్ల బిందె మోసే చుట్టకుదురు మీది గుడ్డలో నిలిచిపోయింది.

ఈ బట్ట మనకు గౌరవం మాత్రమే తేలేదు. అది కూడా చెప్పుకోవాలి. బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన నేరస్త జాతుల చట్టం కింద అనేక చోట్ల బంజారాలను నమోదు చేశారు. ఆ చట్టం 1952 దాకా పోలేదు. అద్దాల కాంచళి వేసుకున్న ఆడమనిషి దూరం నుంచే గుర్తుపట్టే మనిషి అయ్యింది. బస్సులో, బజారులో, ఆస్పత్రిలో వేరుగా చూశారు, వేరుగా మాట్లాడారు. కాబట్టి మన యాడీలు చీరలోకి మారితే వాళ్లను ఒక్క మాట అనే హక్కు మనకు లేదు. ఫేటియా, కాంచళి బరువు మోసింది వాళ్లు. చీర కట్టుకుంటే బడికి, కూలికి, ఆఫీసుకు పోవడం సులువైంది. రోజూ వేసుకోండి అని నేను ఈ పిల్లలకు చెప్పడం లేదు. వేసుకోవడం మానినా చదవడం మానొద్దు అని చెబుతున్నా.

చదవడం అని ఎందుకు అంటున్నానంటే, మన కుట్టుకు పుస్తకం లేదు. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఏ కుట్టు ఎట్లా వేయాలో యాడి పక్కన కూర్చుని చూసి నేర్చుకోవడమే. ఇప్పుడు యాడి పక్కన కూర్చునే తీరిక మీకు లేదు. హాస్టల్‌లో ఉన్నారు, గురుకులంలో ఉన్నారు, కోచింగ్‌లో ఉన్నారు. మంచిదే, చదువుకోవాలి. కానీ నేర్పే మనిషి వెళ్లిపోయిన తర్వాత మిగిలే గురువు ఒక్కటే, అది బట్ట ఉల్టా వైపు. సీదా వైపు చూసి కుట్టు ఎట్లా వేశారో చెప్పడం కష్టం, ఎందుకంటే అక్కడ దారం దారిని దాచేస్తుంది. వెనక చూస్తే మొదలు ఎక్కడ, ముడి ఎక్కడ, సూది ఎటు నుంచి ఎటు పోయింది, ఒక్క దారంతో ఎంత దూరం వచ్చింది, అన్నీ దొరుకుతాయి.

ఇది ఊహ కాదు. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో మన లంబాడీ తండాలున్నాయి. అక్కడ కుట్టు దాదాపు మరుగున పడింది. పెద్ద వయసున్న కొద్దిమందికే గుర్తుంది. వాళ్ల జ్ఞాపకం, ఇళ్లలో మిగిలిన పాత బట్టలు ఆధారంగా అక్కడి ఆడవాళ్లు మళ్లీ నేర్చుకున్నారు. వాళ్ల సంఘం పేరు పోర్గాయ్. మన భాషలో గర్వం అని అర్థం. ఇటు కర్ణాటకలో సండూరు కుశల కళా కేంద్రం ఉంది. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కిలన్, వేలే, బక్యా, మాకి, రేలో, నాక్రా అని ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు రాసి పెట్టుకున్నారు. 2023 జూలైలో హంపిలో జి-20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. మరి మన ఆదిలాబాద్ తండాల్లో, కరీంనగర్ తండాల్లో ఆ కుట్లను ఏమంటారు? మన దగ్గరే మథురా లంబాడీ ఆడబిడ్డల కట్టు వేరు, కుట్టు వేరు. వాళ్ల మాటలేమిటి? ఈ హాల్లో చెయ్యి ఎత్తి చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? మీ దాదీలు మాత్రం చెప్పగలరు. వాళ్లను అడగాల్సింది మీరు.

అడగడానికి ఎక్కువ కాలం లేదని చెప్పడానికి కారణాలు రెండు.

మొదటిది, పాత బట్టలు పోతున్నాయి. స్టీలు సామాను ఇచ్చి పాత బట్టలు తీసుకుపోయే మనుషులు తండాలకు వస్తారు. బీరువా అడుగున పడి ఉన్న కాంచళి ఒక గిన్నెకు పోతుంది. తర్వాత దాన్ని ముక్కలు కోస్తారు. ఒక ముక్క హ్యాండ్‌బ్యాగ్ మీద, ఒక ముక్క దిండు గలీబు మీద, ఒక ముక్క ఫ్రేములో తేలుతుంది. కొన్నవాళ్లకు అందం దక్కుతుంది. కానీ ఆ ముక్కను బ్యాగుకు కుట్టేటప్పుడు ఉల్టా వైపు శాశ్వతంగా మూసేస్తారు. ఎవరు కుట్టారు, ఎవరి పెళ్లికి కుట్టారు అనే మాట దానితోనే మూసుకుపోతుంది. గిన్నెకు ఇచ్చిన యాడిని తప్పు పట్టలేం, ఆ రోజు ఆమెకు గిన్నె అవసరం. కానీ ఆ ఇంట్లో చదువుకున్న పిల్లలున్నారు. ఆ బట్ట విలువ ఇంట్లో చెప్పాల్సింది వాళ్లే.

రెండోది, తీజ్ పండుగకు, కాలేజీ డేకు ఇప్పుడు రెడీమేడ్ డ్రెస్సులు వస్తున్నాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ, అద్దాల లేసు, అతికించిన ప్లాస్టిక్ బిళ్లలు. పిల్లలు సంతోషంగా వేసుకుంటున్నారు, వేసుకోనివ్వండి. కానీ చేతిపని అని చెప్పి యంత్రం పనిని అమ్మితే కనిపెట్టడం మనకు తెలియాలి. దానికీ దారి ఉల్టా వైపే. యంత్రం పనికి కింద బాబిన్ దారం నడుస్తుంది. వెనక తిప్పితే పైన ఎన్ని రంగులున్నా కింద ఎక్కువగా తెల్ల దారమే, అంతటా ఒకే బిగువుతో ఉంటుంది. బట్ట ముడుచుకోకుండా వేసిన కాగితం లాంటి పొర కూడా కుట్ల మధ్య కనబడుతుంది. చేతిపనిలో వెనక కూడా పైన ఉన్న రంగు దారమే ఉంటుంది. గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. చెయ్యి అలిసిన చోటు తెలుస్తుంది. మన అక్కలు ఎవరైనా కుట్టి అమ్ముకుంటే, బేరం ఆడేవాళ్లకు ముందు వెనక వైపు చూపించమని నా సలహా. ముందు వైపు ధర అడిగిస్తుంది. వెనక వైపు ఆ ధర ఎందుకో చెబుతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను మీ దగ్గర పెద్ద పెద్ద ప్రతిజ్ఞలు అడగను. చిన్న పని అడుగుతా. అందరి దగ్గరా ఫోన్ ఉంది.

ఈసారి తండాకు పోయినప్పుడు ఇంట్లో ఉన్న పాత కాంచళి, ఫేటియా, టుక్రి, సంచి, ఏదున్నా బయటికి తీయమని అడగండి. నీడలో శుభ్రమైన గుడ్డ పరిచి దాని మీద పెట్టండి. సీదా వైపు ఒక ఫొటో, ఉల్టా వైపు ఒక ఫొటో తీయండి. వెలుతురు పక్క నుంచి పడేట్టు చూసుకుంటే దారం ఎత్తు పల్లాలు బాగా వస్తాయి. అస్తర్ ఉంటే విప్పకండి, చిరిగిన చోట నుంచి ఎంత కనబడితే అంతే తీయండి. సబ్బు నీళ్లలో నానబెట్టకండి, ఇస్త్రీ చేయకండి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకండి. తేమ పట్టి దారం కుళ్లుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టండి.

తర్వాత దాదీ పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరు కుట్టారు? ఏ తండాలో, ఎవరి పెళ్లికి? ఈ కుట్టును మనం ఏమంటాం? దీన్ని కుట్టేటప్పుడు పక్కన ఎవరున్నారు? జవాబు గోర్‌బోలిలోనే రికార్డు చేయండి, తెలుగు అక్షరాల్లో రాసుకోండి. ఒక్క తండాలో చెప్పిన పేరు పక్క తండాలో ఉండకపోవచ్చు. అప్పుడు ఒకటి తప్పని కొట్టేయకండి, రెండూ రాయండి. వీలైతే ఒక్క కుట్టు, ఒకే ఒక్కటి, వెనక వైపు చూసి మీ చేతితో వేసి చూడండి. మగపిల్లలకు కూడా చెబుతున్నా. సూది పట్టుకుంటే చెయ్యి చిన్నబోదు.

నాలుగో ప్రశ్న ఎందుకని మీరు అడగవచ్చు. ఒంటరిగా కుట్టిన పని కాదిది. పత్తి ఏరి వచ్చాక, మధ్యాహ్నం చెట్టు నీడలో, నలుగురు ఆడవాళ్లు కూర్చుని పాట పాడుకుంటూ కుట్టుకున్నారు. ఒకరి దారం అయిపోతే ఇంకొకరు ఇచ్చారు. మీరు తీసే ఉల్టా వైపు ఫొటోలో మధ్యలో ఉన్నట్టుండి రంగు మారిన చోటు కనబడితే, ఆ రంగు ఎవరి దారమో దాదీని అడగండి. ఒక పేరు చెబుతుంది. ఆ పేరు ఏ మ్యూజియంలోనూ రాసి ఉండదు.

వచ్చే తీజ్ నాటికి ఒక్కొక్కరు ఒక్క బట్ట ఫొటోలు, ఒక్క పేరు, ఒక్క కుట్టు మాట సంఘానికి పంపండి. ఇక్కడున్న పిల్లలంతా పంపితే మన ఆదిలాబాద్, కరీంనగర్ కుట్టుకు మొదటి పాఠ్యపుస్తకం మీ చేతుల మీదుగానే తయారవుతుంది.

ఈ కాంచళి ఇక్కడే బల్ల మీద పెడుతున్నా. పోయే ముందు అందరూ ఒకసారి తిప్పి చూసి పోండి.

జై సేవాలాల్.